పెళ్లికొడుకును ఎత్తుకుపోయిన గజదొంగ

తరలివస్తున్న పెళ్లికొడుకునే ఎవడో ఎత్తుకుపోతే? అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’లో జరిగేది అదే. గన్నారెడ్డి పైకి గజదొంగ, లోపల కాకతీయ రాణి రుద్రమదేవి పక్షం. ఆ గుట్టు మనకు తెలిసి, శత్రువులకు తెలియకపోవడంలోనే ఉంది మజా అంతా. పెళ్లి తప్పిన పెళ్లికూతురు అన్నాంబిక మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. రుద్రమ కొలువుకు చేరుతుంది. పెళ్లి చెడగొట్టినవాడి మీదే మనసు పడుతుంది!

రుద్రమ 1289లో మరణించిందని చందుపట్ల శాసనం చెబుతుంది. శాసనాలు చెప్పని సరసం బాపిరాజు కల్పించారు. బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన చిత్రకారుడు కూడా. అందుకే కాబోలు, వర్ణనల దగ్గర కాస్త ఆగిపోతారు. నాకైతే విసుగనిపించదు.

ఆయనదే ‘హిమబిందు’, మన కృష్ణ ఒడ్డున అమరావతి దగ్గరి ధాన్యకటకం కథ. బెజవాడలో అమరావతి బస్సెక్కేటప్పుడు సంచిలో వేసుకోండి.