నీవు ఎప్పుడు తిరిగి వస్తావు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల సంఘాల నుండి ఈ మధ్య ఒక ప్రార్థన మనవి తరచుగా వస్తోంది. "అయ్యగారూ, మా వీసా కొరకు ప్రార్థించండి" అని. ఒకప్పుడు ఈ మనవి గల్ఫ్ దేశాలకు పనికి పోయే బిడ్డల కొరకు వచ్చేది. ఇప్పుడు రిటైరైన తల్లిదండ్రుల కొరకు కూడా వస్తోంది. దూరదేశంలో స్థిరపడిన పిల్లలు డబ్బు పంపి, "అమ్మా, నాన్నా, ఒక్కసారి ఓడ ప్రయాణం చేసి రండి" అంటున్నారు. సంతోషమే. అయితే ఆ ఓడ ఎక్కకముందు దాటవలసిన ఒక ద్వారం ఉంది. ఈ దినము దానిని గూర్చి మాట్లాడుకుందాము.

ముందుగా నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకోవాలి. నేను భూపాలపల్లిలో పరిచర్య చేస్తున్నప్పుడు మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. సింగరేణి బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. కువైట్‌లో ఉన్న కుమారుడు తల్లిదండ్రులను గ్రీసు దేశపు ఓడ యాత్రకు పంపాలనుకున్నాడు. ఏథెన్సు పక్కనున్న పిరేయస్ రేవులో ఓడ ఎక్కితే, యోహాను ఉన్న పత్మాసు ద్వీపము చూపించి, టర్కీలోని కుషదాసి రేవులో దింపి, ఎఫెసు శిథిలాలు చూపించి, మరల పిరేయస్‌కే తెస్తుంది. బైబిల్లో చదివిన ఊళ్ళు కండ్లారా చూడవచ్చునని ఆ దంపతులు ఎంతో ఆశపడ్డారు.

ఒక శనివారం సాయంత్రం ఆయన ఒక కాగితం తీసుకొని వచ్చారు. "అయ్యగారూ, జెర ఒక్క సంతకం పెట్టుండ్రి" అన్నారు. చదివితే, ఆయన మన సంఘ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నట్టు, నెలకు నలభై వేల జీతం తీసుకుంటున్నట్టు ఉంది. పెన్షను తక్కువని చూపిస్తే వీసా రాదని, ఉద్యోగం ఉన్నట్టు రాస్తేనే వస్తుందని ఏజెంటు చెప్పాడట. నేను కాసేపు తటపటాయించాను. మంచి మనిషి, మంచి యాత్ర, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. సంతకం పెట్టి సంఘము ముద్ర కూడా వేశాను.

ప్రియులారా, మరుసటి ఆదివారం నేను సిద్ధపరచుకున్న వాక్యము నెహెమ్యా గ్రంథము రెండవ అధ్యాయము. మీకు తెలిసిన సంగతే. యెరూషలేము గోడలు పడిపోయిన వార్త కిస్లేవు మాసంలో షూషను కోటలో ఉన్న నెహెమ్యాకు అందింది. నీసాను మాసంలో గాని ఆయన రాజును అడగలేదు. మధ్యలో నాలుగు నెలలు ఉపవాసము, ప్రార్థన. రాజు అడిగిన ప్రశ్న చూడండి: ప్రయాణం ఎంతకాలం, ఎప్పుడు తిరిగి వస్తావు అని. నెహెమ్యా ఒక కాలము నిర్ణయించి చెప్పాడు. ఆ తరువాత నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేలా తాకీదులు అడిగాడు. మన కాలపు మాటలో చెప్పాలంటే వీసా అడిగాడు.

ఆ వచనము దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆరాధన అయ్యాక పెద్దాయనను పక్కకు పిలిచి, "అన్నా, ఆ కాగితం నాకు తిరిగి ఇవ్వండి" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. పక్కనున్న ఆయన భార్య మాత్రం, "ఇయ్యుండ్రి. రాత్రి నాకు గూడ నిద్ర పట్టలే" అన్నది. ముగ్గురి యెదుట దానిని చించివేశాను.

ఆ తరువాత కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాశాము. నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను, నా పెన్షను ఇంత, యాత్ర ఖర్చు నా కుమారుడు భరిస్తున్నాడు, అతని జీతం కాగితాలు ఇవి, భూపాలపల్లిలో నా స్వంత ఇల్లు ఇది, ఫలానా తేదీన బయలుదేరి ఫలానా తేదీన తిరిగి వస్తాము. ఖర్చు మరొకరు పెట్టుకోవడం తప్పు కాదు. దానిని దాచి లేని జీతం చూపడమే తప్పు. బ్యాంకు ఖాతాలో పది రోజుల కొరకు అప్పు డబ్బు వేసి చూపించే పద్ధతి కూడా అటువంటిదే. అబద్ధపు పత్రం బయటపడితే ఈ వీసా పోవడమే గాక, రేపు అడిగే వీసాకు కూడా అది అడ్డు వస్తుంది.

ఇక ఈ మార్గంలో వెళ్ళగోరే వారికి కొన్ని సంగతులు చెప్తాను, రాసుకోండి. గ్రీసు షెంగెన్ ఒప్పందంలో ఉన్న దేశము. ఆ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి అడగవచ్చు, పదిహేను దినముల కంటే ఆలస్యం చేయకూడదు. మామూలుగా పదిహేను దినములలో జవాబు వస్తుంది, ఒక్కొక్కసారి నలభై ఐదు దినములు పట్టవచ్చు. పెద్దవారికి రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు; వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. పాస్‌పోర్టు గడువు అక్కడి నుండి బయలుదేరిన తరువాత ఇంకా మూడు నెలలు మిగిలి ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఓడ టర్కీకి పోయిందంటే మీరు షెంగెన్ దేశాలు విడిచినట్టే. మరల పిరేయస్‌కు వచ్చారంటే రెండవసారి ప్రవేశించినట్టే. ఒక్కసారి ప్రవేశానికే వీసా తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు చిక్కు. అందుకే ఓడ ఆగే రేవుల పట్టిక జతచేసి, ఒకటి కంటె ఎక్కువసార్లు ప్రవేశించే వీసా అడగాలి. టర్కీ సంగతి వేరు. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉన్న భారతీయులు టర్కీ ఈ-వీసాకు అడగవచ్చు, కనుక షెంగెన్ వీసా ముందు రావాలి. ఏ రేవుకు ఏ వీసా కావాలో టిక్కెట్టు డబ్బు కట్టకముందే ఓడ కంపెనీని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

జనగామ నుండి ఒక సహోదరి అడిగారు: "నా బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఒకటి. టిక్కెట్టు ఏ పేరున తీసుకోవాలి?" అమ్మా, పాస్‌పోర్టులో ఏ పేరు ఉంటే ఆ పేరే, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా. సంఘములో మిమ్మల్ని పిలిచే పేరు దేవునికి తెలుసు. ఓడ దగ్గర కాగితాలు చూసేవారికి పాస్‌పోర్టు పేరే తెలుసు.

మహబూబాబాద్ నుండి ఒక తండ్రి ఫోను చేశారు. తన కుమారునికి ఓడలో ఉద్యోగమని, ముందు టూరిస్టు వీసా మీద వెళ్ళమని, రెండు లక్షలు కట్టమని ఎవరో చెప్పారట. అన్నా, దయచేసి ఆగండి. విహారానికి వెళ్ళే వీసా వేరు, పనికి వెళ్ళే దారి వేరు. ఓడలో పనిచేసేవారికి సీడీసీ అనే నావికుని పుస్తకం, భద్రతా శిక్షణ సర్టిఫికెట్లు కావాలి. ఉద్యోగంలో చేర్చే సంస్థకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర రుసుము తీసుకోవడం నిషేధము. టూరిస్టు వీసా చేతిలో పెట్టి పని చూపిస్తామంటే, తిరిగి వచ్చే తేదీ దగ్గర మొదటి అబద్ధం మీ బిడ్డ చేతనే రాయిస్తున్నారని తెలుసుకోండి. ఐరోపాలో 2025 అక్టోబరు 12 నుండి రాకపోకలను ముఖచిత్రముతో, వేలిముద్రలతో కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి మొదలైంది. గడువు దాటి ఉన్నవారు ఎవరో దానిలో తెలిసిపోతుంది.

మన పెద్దాయన సంగతి ముగిస్తాను. దంపతులు రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళి వీసా దరఖాస్తు కేంద్రంలో కాగితాలు ఇచ్చారు. వేలిముద్రలు తీసుకునే యంత్రము ఆయన వేళ్ళను మొదట పట్టలేదట. ముప్పై ఏండ్ల పనిలో గీతలు అరిగిపోయాయి. చేతులు తుడిచి, మరల మరల నొక్కి, నాలుగోసారికి గాని రాలేదు. ఇంటికి వచ్చాక నాతో ఆయన అన్న మాట నేను మరువలేను. "అయ్యగారూ, గుమాస్తా అని రాసి ఇస్తే నా వేళ్ళే నా మీద సాక్ష్యం చెప్పేటియి."

పందొమ్మిదవ దినమున వీసా వచ్చింది. రాకపోయి ఉంటే? అప్పుడు కూడా ఆయన అదే ఇంట్లో నెమ్మదిగా నిద్రపోయేవారని నేను నమ్ముచున్నాను. సత్యముగా అడిగినవారందరికీ ద్వారము తెరవబడుతుందని నేను చెప్పలేను. కాని తెరవబడితే తల ఎత్తుకొని లోపలికి పోవచ్చు, మూయబడితే తల ఎత్తుకొని తిరిగి రావచ్చు.

యాత్ర ముగించుకొని వచ్చిన ఆదివారం ఆయన పాస్‌పోర్టు తెచ్చి, శంషాబాద్ విమానాశ్రయంలో వేసిన ముద్ర మీద వేలు పెట్టి చూపించారు. "చెప్పిన తారీఖుకే వచ్చినం అయ్యగారూ" అన్నారు.

ప్రియ శ్రోతలారా, మీ ఇంట్లో ఏదైనా దరఖాస్తు బల్ల మీద ఉన్నదా? ఈ రాత్రి దానిని మరొకసారి చదవండి. చదువుతుండగా మీ మనస్సు ఎక్కడ ఆగుతుందో ఆ గడిని దిద్దండి. అప్పుడు ప్రార్థించండి, మేమును మీతో కూడ ప్రార్థిస్తాము. ప్రభువు మీ పోకను మీ రాకను కాపాడును గాక. ఆమేన్.