మిషను చెప్పిందే తీర్పా?

(ఒక వాడ సభలో ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాసం)

 

మా అమ్మ సంతకం ఎరగదు. నాట్లకీ కోతలకీ తిరిగి ఆమె వేలిగీతలు అరిగిపోయాయి. రేషను దగ్గర మిషను మీద వేలు పెడితే 'పడలేదు, రేపు రా' అన్నారు. డిగ్రీ చదివిన కొడుకుని, పక్కనే నిలబడి 'ఈమె మా అమ్మే బాబూ' అన్నాను. నా మాట చెల్లలేదు. మిషను మాటే చెల్లింది.

ఇప్పుడు అంతకంటే పెద్ద మిషను వచ్చింది. కృత్రిమ మేధ, ఏఐ అంటున్నారు. ఏటిది? పాత రికార్డులు లక్షల్లో చదివి, ఎవడు అర్హుడో ఎవడు కాడో లెక్కగట్టే కంప్యూటరు. రికార్డులో ఏది ఉంటే అదే దాని బుద్ధి. మరి ఆ రికార్డుల్లో మనమెక్కడ? 2012లో లక్ష్మీపేటలో సాగు చేసుకుంటున్న ప్రభుత్వ భూమి తగాదాలో మనవాళ్లు ఐదుగురిని చంపేశారు. దున్నినోడి చెమట ఏ మిషనుకి కనిపిస్తుంది?

తెలంగాణలో కంప్యూటర్ లెక్కలతో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. దాని మీద కేసు కోర్టుకెక్కితే, ఊళ్లకు వెళ్లి మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మనిషి వచ్చి చూడాల్సిందే!

2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందులో తనిఖీలకూ, మోసాలు పట్టడానికీ ఏఐ వాడతామని రాశారు. మోసం ఎవరిది? మట్టి మోసే కూలిదా, దొంగ మస్టర్లు రాసేవాడిదా?

అమెరికా, చైనాలు ఏఐ కోసం పోటీ పడుతున్నాయి. మన పక్కన విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. భూమీ, కరెంటూ, నీళ్లూ అక్కడికి పరుగెడతాయి. మన కూలి డబ్బులు మాత్రం నడవవు!

ఐరోపా దేశాలు 2024లో ఏఐ మీద చట్టం చేశాయి. ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే మిషన్లను ప్రమాదకరమైనవిగా లెక్కగట్టి, పైన మనిషి కాపలా ఉండాలన్నాయి. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. పేరు తీసేముందు తెలుగులో కారణం రాసి నోటీసివ్వాలి. ఆ నోటీసు మీద ఒక అధికారి సంతకం ఉండాలి. తీసేసిన పేర్లు గ్రామసభలో చదవాలి. ఎవరి పేరు పోయినా ఒక్కరే ఆఫీసుకి వెళ్లకండి, పదిమంది కలిసి వెళ్లండి. కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి. రాయడానికి నేనున్నాను, మన చదువుకున్న పిల్లలున్నారు.

మిషనుకి జవాబుదారీ ఉండదు. దాన్ని పెట్టినవాడికి ఉంటుంది. వాడిని అడుగుదాం.

జై భీమ్!