రక్తపుపోటు: భేదములు, కారణములు



“ఆయనకు రక్తపుపోటు వచ్చినది” అనుట లోకవ్యవహారమే కాని, ఆ పోటు బ్రతికియున్న ప్రతివానికిని ఉండవలసినదే. గుండె ముడుచుకొని నెత్తురును తోయునప్పుడు ధమనుల గోడలపై పడు ఒత్తిడి పై అంకె; గుండె సడలినప్పుడు మిగులునది క్రింది అంకె. పలుమారులు కొలిచినను పై అంకె 140కి గాని, క్రింది అంకె 90కి గాని తగ్గనిచో అది వ్యాధి యగును.

ఈ వ్యాధి ముఖ్యముగా రెండు తెగలు. నూటికి 90 మందికి పైగా రోగులు మొదటి తెగవారు. వీరిలో ఇదియే కారణమని వేలుపెట్టి చూపరాదు. వంశము, వయస్సు, స్థూలకాయము, మద్యము, ఒడలు వంచకుండుట, ఉప్పు—ఇవి కలిసి పనిచేయును. పాశ్చాత్యులు పూర్వము దీనికి “ఆవశ్యకము” అను అర్థము గల పేరు పెట్టిరి. గట్టిపడిన నాళములలో నెత్తురు నడచుటకు ఆ పోటు కావలసినదే యని వారి తలంపు. పేరు నిలిచినది, తలంపు నిలువలేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టుకు 1944 మార్చిలో పోటు 186/108 ఉండెను. నాడు తగిన మందులు లేవు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించినప్పుడు పై అంకె 300 దాటినది. నేడు మందులున్నవి, కాని అంకె దిగగానే మాత్ర మానువారును ఉన్నారు. దిగినది మాత్రవలననే గదా!

ఉప్పు పద్దు కొంత విప్పి చూడవలెను. జమ నోటినుండి, ఖర్చు మూత్రపిండములనుండి. ఖర్చు సాగక నిలువ పెరిగినచో ఉప్పు నీటిని పట్టియుంచును, నాళములలో ద్రవము హెచ్చును. దినమునకు 5 గ్రాములకు లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కూరలో ఉప్పు తగ్గించి, ఆవకాయ రెండుమార్లు వడ్డించుకొనువారికి ఈ లెక్క ఎన్నటికిని కుదరదు.

రెండవ తెగకు కారణము దొరకును. మూత్రపిండ వ్యాధులు అందు ముఖ్యము. మూత్రపిండమునకు నెత్తురు తెచ్చు ధమని ఇరుకైనచో, తన తూమున నీరు తగ్గినదని కాలువకంతకును నీరు పెంచుమను రైతువలె, అది దేహమంతటను పోటు పెంచును. 1934లో గోల్డ్‌బ్లాట్ అను అమెరికా వైద్యుడు కుక్కల ధమనులను బిగించి దీనిని చూపెను. మూత్రపిండములపై నుండు గ్రంథులలో కంతులు లేచినను, నొప్పి మాత్రలు చిరకాలము మ్రింగినను పోటు పెరుగవచ్చును. కావున పిన్నవయస్సున పోటు హెచ్చినవారిని, మూడు మందులకును లొంగనివారిని వైద్యులు ప్రత్యేకముగా పరీక్షింతురు. కారణము తొలగినచో కొందరికి వ్యాధియే తొలగును.

గర్భిణులకు 20 వారములు దాటిన పిదప వచ్చునది వేరొక తెగ. నొప్పి యేమియు లేకయే అది తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము తేగలదు. అందుచేతనే పరీక్షకు వెళ్ళిన ప్రతిమారు గర్భిణి చేతికి పట్టీ చుట్టి చూతురు.