అరబ్బీ భాషయు, అంతర్జాతీయ సంబంధములును



అరబ్బీ యనఁగనే అది మనకు సంబంధములేని పరాయి భాష యని మనలోఁ బెక్కురు తలఁతురు. అట్టివారు తమ పొలము కాగితముల నొక్కసారి విప్పి చూచుకొందురు గాక. రైతు, హక్కు, తారీఖు, అసలు, నకలు, షరతు, జవాబు, జిల్లా, వకీలు — ఇవన్నియు అరబ్బీ మూలమునఁ బుట్టి, పారసీకపు దారిని వచ్చి మన నాలుకపై నిలిచిన మాటలే. కబురు పంపితి మన్నను అరబ్బీయే. కోర్టు వాకిట నిలిచిన రైతు తా నెఱుఁగకయే గడియకొక యరబ్బీ పదము పలుకుచున్నాఁడు. ఋణపడినవారము మనమొక్కరమే యనుకొనరాదు. మన పంచతంత్రము పహ్లవీ భాషలోనికిఁ బోయి, అందుండి యెనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముఖఫా యను నాతనిచే అరబ్బీలోనికి దిగి, ‘కలీలా వ దిమ్నా’ యను పేర దేశదేశములఁ దిరిగినది. కరటక దమనకులే యా కలీలా దిమ్నాలు. మన యంకెలును ఆ త్రోవనే ఐరోపాకుఁ జేరినవి.

నేను సంస్కృత వ్యాకరణము చదివినవాఁడను గాని అరబ్బీ చదివినవాఁడను గాను. అయినను వేలూరి మౌల్వీగా రొకరితోఁ జిరకాల పరిచయ ముండుటచే ఆ భాష పోకడ కొంత విని యెఱుఁగుదును. మనకు ధాతువు లెట్టివో వారికి మూఁడు హల్లుల మూలము లట్టివి. క, త, బ అను మూఁడును గలసి వ్రాఁత యను అర్థము నిచ్చును. కితాబు గ్రంథము; కాతిబు వ్రాయువాఁడు; మక్తబు వ్రాఁత నేర్చుచోటు; మక్తూబు వ్రాయఁబడినది. సంస్కృతమునందువలె అందును ద్వివచనము కలదు! ఆ మాట విన్ననాఁడు దూరదేశమున బంధువును జూచినంత సంతోష మైనది. వేలూరు మనకు దూరము గాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడకమునుపు మన తాలూకాలు పెక్కులు ఉత్తరార్కాటులోనివే గదా. ఆ వేలూరిలో బాఖియాతుస్ సాలిహాత్ అను అరబ్బీ కళాశాల తరతరములుగా నున్నది. ఆంబూరు ప్రాంతమున ఉమరాబాదులో 1924లో జామియా దారుస్సలాము నెలకొన్నది.

ఇఁక అసలు విషయమునకు వత్తును. కడప, చిత్తూరు సీమలలో కువైటునకుఁ గాని తక్కిన అరబ్బు దేశములకుఁ గాని బ్రతుకుతెరువునకై పోయినవారు లేని పల్లె యరుదు. మా యూరి స్త్రీ యొకతె యట్లే యింటిపనికిఁ బోయెను. కొన్ని నెలలకు జీతము నిలిచినది. తిరిగి వచ్చుటకును వీలు లేకపోయినది. ఆమె భర్త యొక కాగితము నాయొద్దకుఁ దెచ్చెను. అది యామె వ్రేలిముద్ర వేసిన యొడంబడిక నకలు, అంతయు అరబ్బీ. వేలూరికిఁ గొనిపోయి మౌల్వీగారికిఁ జూపితిని. ఆయన గడగడఁ జదివి ప్రతిమాటకును అర్థము చెప్పిరి. ‘కఫీలు’ అనఁగాఁ బూఁటపడినవాఁ డనియు, పనివారి రాకపోకలకు ఆ యజమానుఁడే పూచీదారుఁ డనియు తెలిపిరి. పిదప, “అయ్యవారూ, మాటకు అర్థము చెప్పఁగలను గాని, ఆ దేశపుఁ జట్టములో ఆ మాటకు బలమెంతయో నేనెట్లు చెప్పుదును?” అనిరి. అటుపిమ్మట అంతర్జాతీయ విషయములు బోధించు నధ్యాపకుల నొకరి నాశ్రయించితిని. ఇంటిపనివారికొఱకు కువైటువారు 2015లోఁ బ్రత్యేకముగా నొక చట్టము చేసిరనియు, వారమున కొకనాఁటి సెలవు అందుఁ గలదనియు ఆయన వివరించిరి. కాని కాగితములో నొక్క యక్షరమైనను ఆయనకుఁ జదువరాదు. ఇరువురి పలుకులను జోడించి మన రాయబార కార్యాలయమునకు అర్జీ వ్రాసికొంటిమి. ఆఱు నెలలకు ఆమె యిల్లు చేరినది. జీతపు బాకీ మాత్రము నేఁటికిని రాలేదు.

సాంఖ్యులు చెప్పు అంధపంగు న్యాయము మీరెఱిఁగినదే. కుంటివాఁడు త్రోవ చూపును, గ్రుడ్డివాఁడు నడచును. ఆ రెండును ఒక్క దేహమున నుండినచో నా యర్జీ యొక వారములో ముగిసెడిది. భాషయు, దేశముల నడవడియు ఒక్కరే చదువవలయు ననుటకుఁ గారణ మిదియే.

అట్లు చదివినవారు మన తెలుఁగుసీమలోనే యుండిరి. 1908లో హైదరాబాదునఁ బుట్టిన ముహమ్మదు హమీదుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, జర్మనీలోని బాన్ నగరమునను, పారిసులోని సోర్బనునందును డాక్టరు పట్టములు వడసెను. యుద్ధమున తటస్థులైనవారి ధర్మము, రాయబారుల మర్యాద, సంధిపత్రములు — ఇవి పూర్వపు అరబ్బులలో నెట్లుండెనో మూలగ్రంథములనుండియే వెలికిఁదీసి వ్రాసెను. ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయమును బోధించెను. 1948లో నైజాము పక్షమున ఐక్యరాజ్య సమితికిఁ బోయినవారిలో నాయన యొకఁడు. పిదప పారిసులోనే నిలిచి, 2002లో అమెరికాలో మరణించెను. ఆ రాజకీయము నాకు సమ్మతము గాదు. ఆ పాండిత్యమునకు మాత్రము నమస్కరింపక తప్పదు. ఆయన వంటివారికి గ్రంథముల కొఱఁత లేకుండుటకుఁ గారణము హైదరాబాదుననే యున్న దాయిరతుల్ మారిఫ్. 1888లోఁ బుట్టిన యీ సంస్థ అరబ్బీ వ్రాఁతప్రతులను పరిష్కరించి యచ్చువేయుటయే పనిగాఁ బెట్టుకొన్నది. మన దేశమునుగూర్చి అల్ బిరూనీ వ్రాసిన గ్రంథము సైతము 1958లో నచట నచ్చైనది. మన తాళపత్రములకు అంతటి యాదరము దొరకిన బాగుండును.

ఈ చదువు గ్రంథాలయములకే చెల్లునా? 1990 ఆగష్టు 2వ తేదీని ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు మనవారు 1,70,000 మందికిఁ బైగా చిక్కుకొనిరి. విదేశాంగమంత్రి గుజ్రాలు బాగ్దాదునకుఁ బోయి మాటలాడెను. జనులు ఎడారి దాఁటి జోర్డాను రాజధాని అమ్మానునకుఁ జేరఁగా, అచ్చటినుండి విమానములు వారిని స్వదేశమునకుఁ జేర్చెను.

ఉద్యోగము మాట యడుగుదురు, దాఁచక చెప్పెదను. అరబ్బీ చదివినంతమాత్రమున విదేశాంగశాఖలోఁ గొలువు రాదు. ఆ కొలువునకు సివిలు సర్వీసుల పరీక్ష వేఱ కలదు. అందు నెగ్గినవారికి సర్కారే యొక విదేశభాషను నేర్పించును, అందు అరబ్బీయు నొకటి. కాని అనువాదమునకును, వర్తకమునకును, వైద్యశాలలకును ఈ భాష కావలసియున్నది. అరబ్బు కూటమిలో 22 దేశములు కలవు. ఐక్యరాజ్య సమితి 1973లో దీనిని తన యధికార భాషలలోఁ జేర్చుకొన్నది. హైదరాబాదున ఉస్మానియాలోను, ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయమందును అరబ్బీ కలదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమందు అరబ్బీయు, అంతర్జాతీయ విద్యయు రెండును ఒక్క ప్రాకారములోనివే. మన తిరుపతిలో 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆగ్నేయాసియా పసిఫిక్ దేశముల యధ్యయనము నడచినది. మన పల్లెలు పోవుచున్నది పడమటికి.

మా యూరి రైతుబిడ్డ యొకతె యిప్పుడు హైదరాబాదున అరబ్బీ చదువుచున్నది. సెలవులలో వచ్చి, కువైటునుండి మరలిన యా స్త్రీయొద్ద మాట నేర్చుకొనును. “నీకేమి కావలె?” ననుటకు గ్రంథభాషలో ‘మాదా తురీద్’ అని పిల్ల పలుకఁగా, ఆమె పకపక నవ్వి, “అట్లంటే సంతలో నిన్ను వింతగాఁ జూతురే తల్లీ, ‘ష్తబీ’ యనవలె” ననినది. గ్రాంథికమునకును వాడుకకును గల తగవు మనకే యున్నదనుకొంటిని! “అత్తా, నీవు పలుకుట నేర్పుము, నేను వ్రాఁత నేర్పెద” నని పిల్ల యొప్పందము చేసికొన్నది. సాయంకాలములు మా యరుఁగుమీఁదనే వారి పాఠము. మొన్న ఆమె తన పాత యొడంబడికను దెచ్చి యెదుటఁ బెట్టుకొని, జీతమను నర్థముగల ‘రాతిబు’ పదముమీఁద వ్రేలుంచి, ప్రక్కనున్న యంకెను తానే కూడఁబలుకుకొని చదివినది.