హద్దు దాటితే మారే నేరాలు

తాండూరు నుంచి వాడి వైపు వెళ్లే రైలు బషీరాబాద్ దాటిన కాసేపటికే కర్ణాటకలో ఉంటుంది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యనిషేధం పెట్టినప్పుడు ఈ హద్దుకు ఇవతల విస్కీ సీసా అమ్మితే కేసు. అవతల సేడం పక్క అదే సీసా లైసెన్సు దుకాణంలో దొరికేది. 1997లో నిషేధం సడలించాక ఇవతలా దుకాణాలు తెరుచుకున్నాయి. హత్యకు మాత్రం ఏ హద్దులోనూ, ఏ ఏడాదిలోనూ ఇలాంటి వెసులుబాటు లేదు.

నేరాలు రెండు రకాలని లాయర్లు అనేది ఇందుకే. చంపడం, దోచుకోవడం వంటివి స్వతహాగా తప్పులు. మిగతావి సర్కారు వద్దంది కాబట్టి తప్పులు. అయితే ఈ గీత అంత తిన్నగా ఉండదు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడ్డ ఆడవాళ్లను అడిగి ఉంటే, కూలి డబ్బులు తాగేసి ఇంట్లో పొయ్యి ఆర్పడం జీవో వచ్చేదాకా తప్పు కాదా అని ఎదురడిగేవారు. వాళ్ల లెక్కే సరైనదేమో!

సర్కారు వద్దంటేనే తప్పయ్యే వాటికి కందులే ఉదాహరణ. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కందులు నిల్వ చేయడం పాపమని ఎవరూ అనరు. కానీ 2024 జూన్ 21న కేంద్రం పరిమితి పెట్టింది: టోకు వ్యాపారికి 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు, సెప్టెంబరు 30 దాకా. జూన్ 20న గోదాములో 300 టన్నులున్నా అది మామూలు వ్యాపారమే. ఇచ్చిన గడువులోగా సరుకు తగ్గించుకోకపోతే అదే నేరం.

“చెడు ఉద్దేశమేమీ లేదండీ” అంటే చెల్లుతుందా?

మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో ఒక ధాన్యం వ్యాపారి లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, రేపోమాపో వస్తుందన్న నమ్మకంతో గోధుమలు నిల్వ చేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1965లో ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు. చెడు తలంపు లేనిదే నేరం లేదన్నారు, వ్యాపారి బయటపడ్డాడు. ఆ ధీమాతో ఇవాళ ఎవరూ కూర్చోకూడదు. తర్వాత పార్లమెంటు నిత్యావసర సరుకుల చట్టాన్ని సవరించింది. ఇప్పుడు ఆ తలంపు ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, లేదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే.

కాగ్నా నది ఇసుక దగ్గర రెండు రకాలూ కలిసిపోతాయి. ఏటి ఇసుక ఎవడబ్బ సొత్తు, ఇంటి పునాదికేగా అని చాలామంది ట్రాక్టర్ దింపుతారు. పర్మిట్ లేకుండా తవ్వితే గనుల చట్టం కిందే కాదు, దొంగతనం కింద కూడా కేసు పెట్టవచ్చని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. దొంగతనానికి మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పైగా ఇసుక పోయిన కొద్దీ ఒడ్డునున్న బోర్లలో నీళ్లు దిగిపోతాయి. అంటే పక్క రైతు నష్టమూ అందులో ఉంది.

అందుకే బండి ఏట్లో దిగకముందే అనుమతి ఎవరిస్తారో, ఎన్ని ట్రిప్పులకో తహసీల్దారు ఆఫీసులో అడిగి కాగితం తీసుకోవాలి. దరఖాస్తు రసీదు పర్మిట్ కాదు. కాగితం డ్రైవర్ జేబులో ఉండాలి, ఓనర్ ఇంట్లో బీరువాలో కాదు. పట్టుబడిన చోట ముందు జప్తయ్యేది ట్రాక్టరే.