రైల్వే కొలువుకు మెట్లెన్ని?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల సంగతి ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ఉద్యోగం సంగతి చెప్పుకుందాం. మొన్న రంజాను ముందు ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన గొలుసు బల్ల మీద పెట్టి, “భాయ్ సాబ్, మా వాడికి రైల్వేలో ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి మాట చెబుతాడట. ఇది ఎక్కడైనా కుదువ పెట్టించండి” అన్నది. ఇంటర్వ్యూయే లేని ఉద్యోగానికి ఇంటర్వ్యూలో మాట చెప్పే పెద్దమనిషి ఎక్కడ నుంచి వచ్చాడమ్మా అని మేము అడగవలసి వచ్చింది.

అవును. గ్రూప్ సి ఉద్యోగాలకు కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. మన పిల్లలు దరఖాస్తు పెట్టే రైల్వే ఉద్యోగాలు చాలావరకు ఇవే. మరి ఏముంటాయి? వరుసగా చెబుతాం, వినండి.

గ్రూప్ డి అని మనం పిలిచే లెవెల్ 1 ఉద్యోగాలకు మొదట కంప్యూటర్ మీద ఒక పరీక్ష. అది తెలుగులోనూ రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు. తర్వాత దేహదారుఢ్య పరీక్ష. మగపిల్లలు 35 కిలోల బరువు 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి, 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడపిల్లలకు 20 కిలోలు, పరుగుకు 5 నిమిషాల 40 సెకన్లు. ఆ పైన కాగితాల తనిఖీ, చివర డాక్టరు పరీక్ష. గుమాస్తా, స్టేషన్ మాస్టర్ వంటి ఉద్యోగాలకైతే కంప్యూటర్ పరీక్షలు రెండు. ఆ తర్వాత ఉద్యోగాన్ని బట్టి టైపింగో, ఆప్టిట్యూడ్ పరీక్షో ఉంటుంది.

ఈ మెట్లలో ముఖ్యంగా డబ్బు కట్టవలసింది దరఖాస్తు ఫీజు. ఇటీవలి నోటిఫికేషన్లలో అది అందరికీ 500 రూపాయలు. ఆడవారికి, మైనారిటీలకు, మరికొన్ని వర్గాలకు 250. మైనారిటీలంటే మనమూ ఉన్నాం. మొదటి పరీక్షకు హాజరైతే ఆ 250 కూడా, బ్యాంకు ఖర్చు పోగా, తిరిగి ఇస్తారు. పరీక్ష అయ్యాక మీ జవాబులు, సరైన జవాబులు రెండూ చూపిస్తారు. తప్పుందనిపిస్తే ప్రశ్నకు 50 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. మీ మాట నిజమైతే ఆ డబ్బు వాపసు వస్తుంది. ఇవన్నీ మీకున్న హక్కులు. ఎవరి దయా కాదు.

ఇక మనవైపు లోపాలు. కష్టపడి పరీక్ష నెగ్గిన పిల్లలు కాగితాల దగ్గర చిక్కుల్లో పడటం చూస్తే గుండె తరుక్కుపోతుంది. టెన్త్ మెమోలో ‘షేక్’ అని పూర్తిగా, ఆధార్‌లో ‘ఎస్.కె.’ అని పొట్టిగా. ఒకచోట ‘మహమ్మద్’, మరోచోట ‘ఎం.డి.’. ఇంట్లో మనకు రెండూ ఒకటే. తనిఖీ చేసే అధికారికి రెండూ వేర్వేరు. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ ఇప్పుడే దిద్దించుకోండి. దరఖాస్తు ఫోటోలో టోపీ, నల్ల కళ్ళజోడు ఉండకూడదు. నెట్ సెంటర్ అబ్బాయి తన ఫోన్ నంబరు వేస్తానంటే ఒప్పుకోవద్దు. ఒకసారి ఇచ్చిన నంబరు మారదు, కబుర్లన్నీ దానికే వస్తాయి. ఒకే ఉద్యోగానికి రెండు బోర్డులకు దరఖాస్తు పెడితే రెండూ పోతాయి.

బి.సి.-ఇ సర్టిఫికెట్టు సంగతి కూడా చెప్పాలి. 2007 చట్టంతో వచ్చిన ఆ 4 శాతం రాష్ట్ర ఉద్యోగాలకు, రాష్ట్ర కాలేజీలకు. రైల్వే కేంద్రానిది, కేంద్రం ఓ.బి.సి. జాబితా వేరు. మీ వర్గం పేరు అందులో ఉందో లేదో చూసుకున్నాకే ఆ గడి నింపండి. ఉంటే సర్టిఫికెట్టు కేంద్రం నమూనాలో తీసుకోవాలి. లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలలోపు ఉండి, ఆస్తి నిబంధనలు కూడా సరిపోతే, 2019లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. 10 శాతానికి అర్హత ఉంటుంది.

కళ్ళు ముందే చూపించుకోండి. రైలు నడిపేవారికి, స్టేషన్ మాస్టర్లకు చూపూ, రంగుల గుర్తింపూ చాలా గట్టిగా చూస్తారు. అన్నీ నెగ్గి చివరి మెట్టు మీద ఆగిపోవడం కంటే, ముందే తెలుసుకుని వేరే ఉద్యోగం ఎంచుకోవడం మేలు కదా.

చివరిగా ఓపిక. 2019లో ప్రకటించిన లెవెల్ 1 ఉద్యోగాలకు పరీక్ష జరిగింది 2022లో. అదే ఏడాది వేరే ప్రకటనలో 35 వేల చిల్లర పోస్టులకు కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. అందుకని దరఖాస్తు పెట్టి అరుగుల మీద కూర్చోవద్దు. చేతిలో పని వదలవద్దు, చదువూ వదలవద్దు. రాకపోతే అది అవమానం కాదు. దొడ్డిదారి కోసం ఇల్లు గుల్ల చేసుకోవడమే అవమానం.

ఆ తల్లి గొలుసు ఆమె మెడలోనే ఉంది. అబ్బాయి రోజూ మగ్రిబ్ నమాజు కాగానే మా సంఘం గదిలో కూర్చుని లెక్కలు చేస్తున్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో అల్లాహ్‌కే ఎరుక. వస్తే మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తలవంచనక్కర లేదు. కాగితాలు చూపించుకోదలచిన పిల్లలు మా ఆఫీసుకు రండి. ఒక్క పైసా తీసుకోము.

ఖుదా హాఫిజ్.