ఏటికి దూరమా, ఏటికి ఎత్తా?
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ఉపన్యాస పాఠము)



ఉత్సవ సభలో ఆనందము కూర్చు విషయమును చెప్పుట వాడుక. నేటి ఉపన్యాస విషయము ఆపద. అయినను గ్రంథాలయ సభకు ఇది తగని విషయము కాదు. మనుష్యుడు మరచును, పుస్తకము మరవదు. వరద వచ్చి పోయిన నాలుగవ యేట అదే వాగు ఒడ్డున కొలతలు వేసి, రాళ్లు పాతి, ఇండ్ల స్థలములు అమ్ముచుందురు. కొనువారు దొరకుచుందురు. ఈ మరపునకు మందు వ్రాత యొక్కటే.

నివాసము మార్చుకొనదలచినవాడు ఆపదలను ఎట్లు తూచవలెను? ఇదియే నేటి ప్రశ్న.

కుందూ తీరమున పల్లములో ఇల్లున్న ఒక గృహస్థుని ఊహింపుడు. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతమున కుండపోతగ వానలు కురిసెను. కుందూ, మద్దిలేరు, చామకాలువ పొంగి పల్లపు పేటలను ముంచెను. మహానంది ఆలయ ప్రాంగణములోనికి సైతము నీరు చొచ్చెను. మన గృహస్థుని ఇంట గాదెలోని జొన్నలు తడిసి మొలకెత్తెను. ముసలి తల్లిని మంచముతో సహా మిద్దె మీదికి ఎక్కించిరి. తెల్లవారిన పిదప ఇల్లాలు ఒకటే మాట అనెను: “ఈ ఇంట మరియొక వానకాలము ఉండరాదు.”

అతని ముందు మూడు దారులు నిలిచెను. పెద్దకుమారుడు హైదరాబాదునకు రమ్మనెను. ఆళ్లగడ్డలోని బావమరిది వాగు ప్రక్క స్థలమొకటి చవుకగ వచ్చుచున్నదనెను. మూడవది, స్వగ్రామముననే ఏటికి రెండు ఫర్లాంగుల దూరమున గరుసు మెట్టపై నున్న ఐదు సెంట్ల నేల. అతడు దేనిని కోరవలెను?

సుమతీ శతకకారుడు నివాసయోగ్యమైన ఊరికి నాలుగు లక్షణములు చెప్పెను. అప్పు నిచ్చువాడు, వైద్యుడు, ఎడతెగక ప్రవహించు ఏరు, ద్విజుడు. వీరు లేని ఊరు చొరవలదనెను. ఈ పద్యమును బాలురు సైతము ఒప్పగింతురు. కాని ఏరు ఉండవలెననిన కవి, ఆ ఏటికి ఎంత ఎత్తున ఇల్లుండవలెనో చెప్పలేదు. ఆ లోపమును కౌటిల్యుడు పూరించెను. అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము మొదలుగ ఎనిమిది దైవికాపదలను లెక్కించి, వానకాలపు రాత్రులలో నదీతీర గ్రామవాసులు వరద మేరను విడిచి వసింపవలెనని శాసించెను. కొయ్యలు, వెదుళ్లు, పడవలు సిద్ధముగ ఉంచుకొనుమనెను. కొట్టుకొనిపోవువానిని చూచియు సాయమునకు పోనివానికి పండ్రెండు పణముల దండనము విధించెను. తేలుటకు సాధనము లేనివానికి మాత్రము ఆ దండనము లేదు. ఇందు నదిని విడిచిపొమ్మన్న మాట లేదు. వరద మేరను విడువుమనియే ఉన్నది. ఈ రెండింటి భేదమే ఈ ఉపన్యాసమునకు ప్రాణము.

నంద్యాల, ఆళ్లగడ్డ సీమ నైజమును మొదట చూతము. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ దక్షిణముగ పారి పెన్నలో కలియు కుందూ నది. లోయ అంతయు చదునైన నల్లరేగడి. ఎండకు నెఱ్ఱెలు వారిన రేగడి తొలి వానను త్రాగును. తడిసి ఉబ్బి నెఱ్ఱెలు మూసికొన్న పిదప పై నీటిని లోనికి పోనీయదు. అప్పుడే నల్లమల వాగులు ఒక్కుమ్మడిగ దిగివచ్చును. పల్లమునకు వాలు తక్కువ గనుక నీరు త్వరగ తీయదు. ఇది నదీ దోషము కాదు, నేల స్వభావము. ఈ స్వభావము వలననే పంటయు పండుచున్నది, ఇండ్లును మునుగుచున్నవి.

ఈ సీమను చంపినది వరద యనుకొనువాడు పాత లెక్కలు చూడలేదన్నమాట. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో మొదలైన కరవు 1878 వరకు దక్షిణాదిని పీడించెను. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనము 9 లక్షలకు పైగా ఉండెను. 1881 లెక్కలలో 7 లక్షలకు లోపునకు దిగెను. అంతకు పదేండ్ల ముందు, 1866 కరవున, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టెను. ఆయన కీర్తి నేటికిని నిలిచియుండుటకు కారణము ఆ కరవు యొక్క ఘోరతయే. ఏ వరదయు ఈ జిల్లాలో అంతమందిని పొట్టను పెట్టుకొనలేదు. కాబట్టి కుందూకు వెరచి, నీరు లేని ఎగువ మెట్టలకు పరుగెత్తినవాడు ఒక ఆపదను తప్పించుకొని దానికంటె పెద్దదాని యొడికి చేరును. వరద ఒక్క రాత్రి గర్జించును, ఎల్లరును చూతురు. కరవు చప్పుడు లేక మూడేండ్లు నడచును, ఎవరును దానిని స్థలము ధరలో లెక్కింపరు.

ఇక పట్టణపు దారి. దూరదేశమున ఆపద ఉండదనుట భ్రమ. హైదరాబాదున 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనమును ముంచెను. దాని ఫలముగనే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడెను. అయినను 2020 అక్టోబరులో ఆ నగరమున చెరువు గర్భములందు లేచిన పేటలు మునిగెను. చెన్నపట్టణము 2015 డిసెంబరులో, విజయవాడ 2024 సెప్టెంబరులో బుడమేటి నీట చిక్కెను. కర్నూలు మాట చెప్పనేల? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలియు ఆ పట్టణము నీట మునిగెను. శ్రీశైలమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చెను. ఆ ఆనకట్ట అంత వరదను తలచి కట్టబడినది కాదు. ఊరు మారినంత మాత్రమున నీరు మారదు.

అట్లయిన ఎచటికి పోయినను ఒకటేనా? కాదు. ఆపదలన్నియు ఒక తూకము కావు. తూచుటకు నాలుగు రాళ్లు కావలెను.

మొదటి రాయి: ఎంత తరచుగ? “ఇది నూరేండ్లకు ఒకమారు వచ్చు వరద, మీ తరమునకు భయము లేదు” అని స్థలము అమ్మువాడు చెప్పును. ఇది లెక్క తెలియని మాట. ఏటేట నూటికి ఒక వంతు అవకాశమున్న వరద, ముప్పది యేండ్ల కాపురములో ఒకమారైనను వచ్చుటకు నూటికి 26 వంతుల అవకాశమున్నది. అనగా నాలుగిండ్లలో ఒకటికి పైగా. అప్పు తీర్చు కాలమును, వరద వచ్చు కాలమును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను.

రెండవ రాయి: ఎంత ముందుగ తెలియును? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొనిపడెను. ముందుగ హెచ్చరించి జనమును తరలించుటచే ప్రాణనష్టము పదుల సంఖ్యలో నిలిచెను. గాలి అదే, సముద్రమదే, మారినది హెచ్చరిక. దీనికి విరుద్ధమైనది కట్ట తెగు నీరు. 2021 నవంబరు 19న కడప సీమలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ పల్లెలవారికి తప్పించుకొను వ్యవధి దొరకలేదు. కాబట్టి స్థలము చూచువాడు ఎదుట నున్నదానినే కాక, ఎగువ నేమున్నదో చూడవలెను. చెరువా, కుంటయా, కాలువ కట్టయా? దాని అలుగు బాగున్నదా? అలుగు నీరు ఏ దారిన పోవును? వాగునకు అడ్డముగ కాలువయో రహదారియో ఉన్నచో దాని తూము ఎంత వెడల్పు?

మూడవ రాయి: ఆపద నేలలో ఉన్నదా, కట్టడములో ఉన్నదా? బృహత్సంహిత గృహస్థలమున గుంత త్రవ్వి, ఆ మంటినే తిరిగి పూడ్చి పరీక్షింపుమనెను. నేలను చేతితో చూడనిదే నమ్మవలదని ఆ విధి భావము. ఈ సీమలో రేగడిపై పునాది వేయువాడు గరుసు తగులువరకు త్రవ్వనిచో గోడలు పగులును. దానికి వరద అక్కరలేదు. భూకంపము విషయమును ఇంతియే. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రమున లాతూరు ప్రాంతము కంపించి సుమారు 10 వేలమంది మరణించిరి. ఆనాటి పటములలో అది భయము తక్కువ సీమ. జనమును చంపినది బంకమట్టితో పేర్చిన రాతిగోడలు, వానిపై మోయలేని మట్టి కప్పు. రాయలసీమ పాత మిద్దెలు అట్టివే కావా? భయము తక్కువ సీమలో నున్నామని నిశ్చింతగ ఉండుట తగదు. గోడల మూలలు కలిపి కట్టి, పైకప్పు బరువు తగ్గించినవాడు ఊరు మారకయే ఒక ఆపదను దాటినవాడగును.

నాల్గవ రాయి: బ్రతుకు తెరువు. భాగవత దశమస్కంధమున గోకులమునకు వరుసగ ఉత్పాతములు వచ్చినప్పుడు, వృద్ధుడైన ఉపనందుడు పెద్దల సభలో లేచి బృందావనమునకు పోవుదమనెను. పోవుదమని ఊరకొనలేదు. అచట పసులకు గడ్డి ఉన్నదనెను, కొండ ఉన్నదనెను. బండ్లపై వృద్ధులను, బాలురను, స్త్రీలను ముందుగ ఎక్కించి కదలిరి. మరి బృందావనమున ఆపదలు లేకపోయెనా? కాళియుని విషము, దావాగ్ని, చివరకు ఇంద్రుని రాళ్లవానయు అచటనే వచ్చెను. అయినను ఉపనందుని నిర్ణయము తప్పు కాదు. దినదినము పసులకు గడ్డి నిచ్చిన గోవర్ధనమే వానదినమున గొడుగాయెను. పొట్టకు ఆధారమైనదియే ఆపదలో ఆశ్రయమగు చోటు దొరకుట కంటె భాగ్యము లేదు.

కొందరికి ఈ తూకము వేసికొను అవకాశమే దొరకదు. 1981లో శ్రీశైల జలాశయము క్రింద నూరింటికి పైగా గ్రామములు ఖాళీ అయ్యెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి వెంట రాయి విప్పి ఆలంపురమున తిరిగి నిలిపిరి. శిల్పములను అట్లు తరలింపవచ్చును. ఇరుగుపొరుగును, చేతికి వచ్చిన వృత్తిని, అప్పు పుట్టు పరపతిని రాయి వెంట రాయిగ తరలించు విద్య లేదు. కాబట్టి తనంతట కదలువాడు, కదలించబడినవారి నష్టమును కూడ తన లెక్కలో వేసికొనవలెను.

ఇప్పుడు మన గృహస్థుని దగ్గరకు పోదము. హైదరాబాదులో కుమారుడున్నది నాల్గవ అంతస్తు. అచట ముంపు భయము తక్కువే. కాని ఇతనికి అచట పని లేదు, తల్లికి తోడు లేదు. ఆళ్లగడ్డ స్థలము చవుక. గ్రామ పటము తీయించి చూడగ, ఆ స్థలమునకు ఒక హద్దు వాగు పోరంబోకు. ఎండకాలమున వచ్చి చూచువారికి అది వట్టి ఇసుక. ప్రక్క యింటి అవ్వను అడుగగ ఆమె మాట లేక తన గోడపై నున్న బురద గీత చూపెను. చవుకకు కారణము ఆ గీత. ఇక స్వగ్రామమున గరుసు మెట్ట. పొలము దగ్గరనే. కుందూ ఎంత పొంగినను నీరు అచటికి ఎక్కిన జ్ఞాపకము ఊరిలో ఎవరికిని లేదు. బోరులో నీరున్నది, వానలో సైతము తెగని బాట ఉన్నది. దోష మొక్కటే, పాత ఇంటి వలె విశాలము కాదు. ఇల్లాలు “పసులను పాత దొడ్డిలో కట్టుదము, మనుష్యులము మెట్టపై పడుకొందము” అనెను. అర్థశాస్త్రము చదువని ఆ తల్లి నోట కౌటిల్యుని మాట వచ్చెను. అయితే పసులకును ప్రాణమున్నది గదా! వాన ముదిరిన రాత్రి వానినికూడ మెట్టకు తోలుటకు కుమారుడు ఒప్పుకొనిన పిదపనే ఆ నిర్ణయము పూర్తియైనది.

ఏటికి దూరముగ పోవుట పిరికితనము కాకపోవచ్చును, కాని తరచు తప్పు లెక్క యగును. ఏటికి దగ్గరగ, ఏటికి ఎత్తుగ ఉండుట ఈ సీమకు తగిన నీతి.

చివర గ్రంథాలయమునకు ఒక విన్నపము. గ్రంథాలయోద్యమ నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టినది కర్నూలులో. ఆ మహనీయుని సీమలోని గ్రంథాలయమునకు పుస్తకములు దాచుట యొక్కటే పని కాదు, ఊరి జ్ఞాపకమును దాచుటయు పనియే. బీరువాలో ఒక ఖాళీ పుస్తకము ఉంచుడు. ఏ సంవత్సరము, ఏ తేదీ, నీరు ఏ గుడి మెట్టు వరకు వచ్చెను, ఏ వీధి మునిగెను, ఏ చెరువు తెగెను, ఏ యేడు బావులెండెను, ఎన్ని కుటుంబములు వలస పోయెను? ఇవి పెద్దలను అడిగి వ్రాయుడు. వ్రాసినవారి సంతకముతో పాటు, చూచినవారి పేరును వ్రాయుడు. రేపు స్థలము కొనదలచిన బీదవాడు అమ్మువాని మాట వినుటకు ముందు ఆ పుస్తకము తెరచి చూచును. ఒక్క కుటుంబమైనను దానిని చదివి వాగు గర్భమున పునాది వేయక ఆగినచో, ఈ గ్రంథాలయము ఇరువది యైదేండ్లు నిలిచినందుకు ఫలము దక్కినట్లే.

స్వస్తి.